కొనేవాడి జేబు

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే అయిన మేటాస్ ప్రాపర్టీస్‌నీ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ (సత్యం ఇంగ్లీషు స్పెల్లింగ్ తిరగేస్తే మేటాస్) సత్యం డబ్బుతో కొనాలి. ఖరీదు 160 కోట్ల డాలర్లు.

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఈ రియల్ ఎస్టేట్ ఎందుకయ్యా అని అడగాల్సింది బయటి డైరెక్టర్లు. వాళ్లేం డమ్మీలు కారు. హార్వర్డ్ ప్రొఫెసర్ కృష్ణ పాలేపు, పెంటియమ్ చిప్‌తో పేరొచ్చిన వినోద్ ధామ్, ఐఎస్‌బీ డీన్ రామ్మోహనరావు, మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఆర్. ప్రసాద్ లాంటివాళ్లు. ప్రశ్నలు అడిగారు కూడా. అడిగి, ఏకగ్రీవంగా ఆమోదించారు. డీల్‌ని ఆపింది ఇన్వెస్టర్లు. న్యూయార్క్‌లో షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది.

2009 జనవరి 7న రాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు! ఆ దొంగ ఆస్తుల చోట నిజం ఆస్తులు పెట్టడానికే మేటాస్ ఎత్తు వేశానని ఆయనే రాశాడు. అంటే బోర్డు కొనబోయే సరుకు గురించి ఆరా తీసింది గానీ, కొనేవాడి జేబు తడిమి చూడలేదు. ఎలా చూస్తుంది? ముందున్నవి యాజమాన్యం పెట్టిన కాగితాలు, వాటి మీద ఆడిటర్ సంతకం. అంతకు కొద్ది నెలల ముందే కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది (తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి).

నేనప్పుడు బీటెక్ మూడో ఏడు. ఇప్పుడు రోజూ కోడ్ రివ్యూ చేస్తూ ఆ డైరెక్టర్లను కాస్త జాలిగానే తలుచుకుంటాను. ఎదురుగా ఉన్న నాలుగు ఫైళ్లలో తప్పులు పట్టడం తేలికే. సిస్టమ్‌లో ఎక్కడో ఉన్న పుండు వాటిలో కనపడదు. జాలి ఉంది గానీ క్షమించలేను. ఆడిట్ కమిటీ వాళ్ల చేతుల్లోనే ఉండేది.

విచిత్రమేమిటంటే, సత్యాన్ని నిలబెట్టిందీ బయటి డైరెక్టర్లే. ప్రభుత్వం పాత బోర్డును తీసేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను, కొద్దిరోజులకు మరో ముగ్గురినీ కూర్చోబెట్టింది. వాళ్లూ పెద్ద పేర్లే. తేడా పేర్లలో లేదు. వాళ్లకు కాగితాలు అందించడానికి ప్రమోటర్ లేడు. కొత్త ఆడిటర్లను పెట్టి లెక్కలు మొదట్నుంచి తవ్వించారు, జీతాలకు డబ్బు సర్దారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరు 58 రూపాయల చొప్పున పాడుకుంది.

2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో మూడో వంతు ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఉండాలంది. తలకాయల లెక్కే అయితే సత్యం బోర్డు అప్పటికే పాసైంది.