నలుపు తెలుపుల నడుమ ఒక్క వన్నె

అనంతపురపు పీఠభూమి వర్షచ్ఛాయలో నున్నది. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో, వేసవి వచ్చినచో కొండయు, గుండును, బీడును ఒకే మాసిన వన్నెలో కలసిపోవును. ఆ నడుమ బావి చెంత నొక మడిచెక్క పచ్చగా నున్నచో మన చూపు మరియొక చోట నిలువదు. చుట్టునున్న దంతయు వన్నె తరిగి యుండుటవలననే ఆ పచ్చదనమునకు అంత బలము. ఛాయాచిత్రములో ఒక్క వస్తువునకు మాత్రమే రంగు నిలిపి, తక్కినదానిని నలుపు తెలుపులుగా విడుచు పద్ధతికి మూలసూత్ర మిదియే.

నేడు కంప్యూటరుపై నిమిషములలో ముగియు ఈ పనికి దాదాపు ఛాయాచిత్రకళకున్నంత వయస్సు కలదు. 1839లో పారిస్ నగరమున డాగెర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనది. ఆ లోహపు పలకలమీద వెలుగునీడలే గాని వన్నెలు లేవు. కొద్దికాలములోనే స్విట్జర్లాండు చిత్రకారుడు ఇసెన్‌రింగ్ జిగురు కలిపిన రంగుపొడిని ఆ పలకలపై అద్దనారంభించెను. నాటివారు చెక్కిళ్లకు ఎరుపును, నగలకు పసిడి వన్నెను పూసి, తక్కిన చిత్రమును ఉన్నదున్నట్లు విడిచిరి.

చలనచిత్రములును ఈ మార్గమునే త్రొక్కినవి. 1925లో ఐసెన్‌స్టీన్ నిర్మించిన ‘బాటిల్‌షిప్ పొటెంకిన్’లో ఓడపై నెగురు జెండా ఎఱ్ఱగా కనిపించవలసి యుండెను. నాటి ఫిలిముపై ఎరుపు నల్లగా పడును. కావున తెల్లని జెండాను చిత్రించి, పిమ్మట ఒక్కొక్క బొమ్మలో చేతితో ఎరుపు దిద్దిరి. మన దేశమున కె. ఆసిఫ్ ‘మొఘల్-ఎ-ఆజమ్’ 1960లో వెలువడినపుడు, అందు అద్దాల మహలు పాటవంటి కొన్ని భాగములు మాత్రమే రంగులలో నుండెను. తక్కిన భాగములకు రంగులు చేర్చి 2004లో మరల విడుదల చేసిరి.

తెలుగువారి ‘మాయాబజార్’ కథ మనకు మరింత దగ్గరది. దాని దర్శకుడు కె. వి. రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రి వాడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ. 1957లో నలుపు తెలుపులలో వెలువడిన ఆ చిత్రమునకు హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ కంప్యూటర్లపై రంగులు చేర్చి, 2010 జనవరిలో విడుదల చేసినది. అప్పటికి దర్శకుడు గాని ఛాయాగ్రాహకుడు గాని జీవించి లేరు. శశిరేఖ కట్టిన చీర బూడిద వన్నెలో ఎంత కాంతిగా నున్నదో ఫిలిము చెప్పగలదు. అది ఎరుపో ఆకుపచ్చయో చెప్పజాలదు. ఆ మాట చెప్పినవారు అర్ధశతాబ్ది పిమ్మట వచ్చిన పనివారు.

ఇక కంప్యూటరు పనితీరు చూతము. నోల్ సోదరులు రూపొందించిన ‘ఫోటోషాప్’ను అడోబీ సంస్థ 1990లో విడుదల చేసినది. 1994లో అందు పొరల విధానము చేరినది. రంగుల చిత్రముపై దాని నకలునే మరియొక పొరగా పరచి, ఆ పైపొరకు రంగు తీసివేయుదురు. దానికి ‘మాస్కు’ అను ముసుగును తగిలించి, కావలసిన మేర ఆ ముసుగుపై నలుపు పూసినచో, అచ్చట పైపొర మరుగై క్రింది రంగు బయల్పడును. తెలుపు పూసినచో మరల మూసికొనును. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలను చూచినవారికి ఇది సుబోధకమే. చిత్రకారుడు మేకతోలుపై నగల చోట సన్నని రంధ్రములు తొలుచును. వెనుకనున్న దీపపు వెలుగు ఆ రంధ్రముల వెంటనే సూటిగా తెరకు చేరును. ఎక్కడ తెరవవలెను, ఎక్కడ మూయవలెను అను నిర్ణయమే ఇందలి విద్య.

అయితే రంగు చేర్చుటయు, రంగు తీయుటయు ఒక్కటి కావు. చేర్చుట ఊహ. తీయుట ఎంపిక. రెండవది నిరపాయమని తోచును గాని, కరవు సీమ చిత్రములో దాని బరువు వేరు. నీటి బిందెతో నడచు స్త్రీ చీరకు మాత్రమే ఎరుపు నిలిపి, నేలను బూడిద చేసితి మనుకొందము. చిత్రము హృదయమును తాకును. కాని ఆమె అడుగుల చెంతనున్న నాలుగు వేరుసెనగ మొక్కల పచ్చదనము గూడ దానితో తుడుచుకొనిపోవును. రేపటి చరిత్రకారుడు ఆ యేట గడ్డిపరకయు మొలవలేదని వ్రాయును. కరవును కొలుచుటలో అతిశయోక్తియు అన్యాయమే. అసలు కరవునే జనులు శంకించుటకు అది దారి తీయును.

కావున అలంకారమునకై దిద్దిన చిత్రమును దిద్దినదని చెప్పియే చూపవలెను. మూలచిత్రమును మార్పక వేరుగా దాచి, దానిపై ఊరి పేరు, తేదీ వ్రాసి యుంచవలెను. మన యిండ్లలోని పాత ఛాయాచిత్రములకును ఇదే నియమము చాలును. వన్నె మార్చిన ప్రతులు ఎన్నియైన చేసికొనవచ్చును. సాక్ష్యము చెప్పునది మాత్రము ఆ మొదటి ప్రతియే.