మినహాయింపుగా దక్కిన పట్టా: జార్జ్ బుష్ జీవితం

19వ శతాబ్ది మధ్యభాగంలో అమెరికా మధ్య రాష్ట్రాల నుంచి పసిఫిక్ తీరానికి ఎద్దుబండ్ల బిడారులుగా తరలిన కుటుంబాల చరిత్ర చాలావరకు శ్వేతజాతి రైతుల చరిత్రగానే గ్రంథస్థమైంది. అయితే నేటి వాషింగ్టన్ రాష్ట్రంలో ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ ఒడ్డున అమెరికన్లు నెలకొల్పిన తొలి శాశ్వత ఆవాసానికి ఊతమిచ్చినవారిలో జార్జ్ బుష్ అనే నల్లజాతి రైతు ముఖ్యుడు. వర్ణాన్ని బట్టి నేలపై హక్కును నిర్ణయించిన చట్టాలు ఆయనకు రెండుసార్లు అడ్డువచ్చాయి. మొదటిసారి ఆయన వాటి పరిధి దాటి వెళ్లాడు, రెండోసారి పొరుగువారి అండతో వాటి నుంచి మినహాయింపు పొందాడు.

ఆఫ్రికన్ మూలాలున్న తండ్రికి, ఐరిష్ తల్లికి పెన్సిల్వేనియాలో పుట్టిన బుష్ ఎన్నడూ బానిస కాడు. మిస్సోరిలో స్థిరపడి, 1831లో జర్మన్ సంతతికి చెందిన ఇసబెల్లా జేమ్స్‌ను పెళ్లాడి, సేద్యంతో, పశుపోషణతో కలిగినవాడయ్యాడు. కానీ మిస్సోరి బానిసత్వాన్ని అనుమతించిన రాష్ట్రం కావడంవల్ల, అక్కడ స్వతంత్రులైన నల్లవారిపైనా ఆంక్షలు ఏటేటా బిగుస్తుండగా, 1844లో బుష్ భార్యతో, ఐదుగురు కొడుకులతో పడమటి దారి పట్టాడు. స్నేహితుడు మైకేల్ సిమన్స్ కుటుంబంతోపాటు మరికొన్ని శ్వేతజాతి కుటుంబాలు వెంట నడిచాయి. వాటిలో చేతిలో సొమ్ము లేనివారికి దారిబత్తేలు సమకూర్చినవాడు బుష్.

వారు దారిలో ఉండగానే, వారు వెళ్తున్న ఆరెగన్ ప్రాంతంలో అమెరికన్ వలసదారులు ఏర్పరచుకున్న తాత్కాలిక ప్రభుత్వం బానిసత్వాన్ని నిషేధిస్తూనే, నల్లవారెవరూ ఆ ప్రాంతంలో నివసించరాదని, గడువులోగా వెళ్లని వారికి 39 వరకు కొరడా దెబ్బలు వేయాలని శాసించింది. ఆ ఏడాది చివర్లోనే దెబ్బల శిక్ష స్థానంలో నిర్బంధ చాకిరీని చేర్చి, అమలుకు రాకముందే 1845లో ఆ చట్టాన్ని రద్దు చేసినా, బిడారు కొలంబియా నదిని చేరేసరికి అది చట్టంగానే ఉంది. అందుచేత ఆరెగన్‌లోని సారవంతమైన విలమెట్ లోయను వదులుకుని, ఆ కుటుంబాలన్నీ బుష్‌తోపాటు నదికి ఉత్తరంగా సాగాయి. అమెరికా, బ్రిటన్ రెండూ తమదేనంటున్న ఆ ప్రాంతంలో పెత్తనం ఆచరణలో హడ్సన్ బే కంపెనీ అనే బ్రిటిష్ బొచ్చుతోళ్ల వర్తక సంస్థది కావడంతో, తాత్కాలిక ప్రభుత్వపు శాసనాలకు అక్కడ పెద్దగా చెల్లుబాటు లేదు.

1845లో వారు అడవిలో తోవ నరుక్కుంటూ డెషూట్స్ నది జలపాతాల వద్దకు చేరి న్యూ మార్కెట్ అనే ఊరు వేశారు. ప్రస్తుతం దాని పేరు టమ్‌వాటర్. జలపాతపు వడితో నడిచే పిండిమర, ఆ తర్వాత కలప కోసే మిల్లు అక్కడ వెలిశాయి. బుష్ కుటుంబం సాగుచేసిన మైదానానికి నేటికీ బుష్ ప్రెయిరీ అనే పేరుంది. కొత్త వలసదారులు వెల్లువెత్తి ధాన్యానికి కరువొచ్చిన 1852లో, పంటనంతా మంచి ధరకు కొంటామన్న వ్యాపారులకు బుష్ అమ్మలేదు. తిండికీ విత్తనానికీ లేక వచ్చిన కుటుంబాలకు ఆ గింజలను పంచాడు.

దాటివచ్చిన చట్టం మాత్రం వెనకే వచ్చింది. 1846 ఒప్పందంతో 49వ అక్షాంశానికి దక్షిణాన ఉన్న ప్రధాన భూభాగం అమెరికాకు దక్కగా, 1850లో కాంగ్రెస్ చేసిన భూదాన చట్టం 1850 డిసెంబరుకు ముందే స్థిరపడి సాగుచేసుకుంటున్న దంపతులకు 640 ఎకరాలు, అంటే ఒక చదరపు మైలు, ఉచితంగా ఇస్తూ, ఆ హక్కును శ్వేతజాతివారికి, ఒక శ్వేతజాతి తల్లి లేదా తండ్రి ఉన్న ఆదివాసులకు పరిమితం చేసింది. ఆ నియమం ప్రకారం బుష్‌కు తన పొలంపై హక్కు లేదు. 1853లో వాషింగ్టన్ టెరిటరీ, అంటే రాష్ట్ర హోదా రాని పాలనా ప్రాంతం, ఏర్పడ్డాక దాని తొలి శాసనసభ బుష్ తరఫున కాంగ్రెస్‌కు వినతిపత్రం పంపింది. 1855లో కాంగ్రెస్ ఆయన పేరిట ప్రత్యేక చట్టం చేసి 640 ఎకరాలూ ఖాయం చేసింది. చట్టంలోని వర్ణ నియమాన్ని సవరించమని వినతి అడగలేదు, కాంగ్రెస్ సవరించనూ లేదు. ఉపకారికి మినహాయింపు దొరికింది, ఆయన జాతికి దొరకలేదు.

ఆ నేల అంతకుముందు ఎవరిదన్న ప్రశ్ననూ ఈ వృత్తాంతం నుంచి విడదీయలేము. ప్రత్యేక చట్టానికి కొద్ది వారాల ముందు, 1854 డిసెంబరు 26న కుదిరిన మెడిసిన్ క్రీక్ ఒప్పందంలో నిస్క్వాలీ అనే స్థానిక ఆదివాసీ తెగకు మిగిల్చిన భూమి 1,280 ఎకరాలు. వలస వచ్చిన ఒక్క జంటకు ఇస్తున్నదానికి అది కేవలం రెట్టింపు. నిస్క్వాలీలతో బుష్ కుటుంబానికి స్నేహసంబంధాలు ఉన్నప్పటికీ, ఆ కుటుంబం స్థిరపడింది వారి చేజారిన నేలపైనే.

పట్టా వచ్చినా ఓటు రాలేదు. టెరిటరీలో ఓటుహక్కు శ్వేతజాతి పురుషులకే ఉండేది. 1863లో మరణించిన బుష్, వర్ణం కారణంగా ఓటు నిరాకరించరాదన్న 1870 నాటి రాజ్యాంగ సవరణను చూడలేదు. పెద్ద కొడుకు ఓవెన్ 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో తన గోధుమలకు బహుమతి పొంది, 1889లో వాషింగ్టన్ రాష్ట్రపు తొలి శాసనసభకు ఎన్నికయ్యాడు. తండ్రి తరఫున వినతి పంపిన సభకు వారసురాలైన సభలో కొడుకుకు స్థానం దక్కింది. అది ఎవరి దాక్షిణ్యమూ అడగకుండా సవరించిన చట్టం ఇచ్చిన హక్కు.