నీటి జాడ, అయస్కాంత గ్రహణం

కర్నూలు, కడప మెట్ట భూముల్లో బోరు వేయించే ముందు నీళ్లు చూసే మనిషిని పిలిచి పాయింటు పెట్టించుకోవడం రైతులకు పరిపాటి. అతడు పంగల వేపపుల్ల కొసలను గుప్పిళ్లలో బిగించి గానీ, కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి గానీ చేనంతా నడుస్తాడు. పుల్ల వంగిన చోట, కాయ నిటారుగా లేచిన చోట గుర్తుగా రాయి పెడతారు. భూగర్భజలం నుంచి వెలువడే అయస్కాంత, విద్యుత్ ప్రభావాన్ని శరీరం పసిగడుతుందనేది దీనికి తరచు చెప్పే వివరణ. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవారికే ఆ శక్తి ఉంటుందన్న నమ్మకమూ ఉంది.

6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో భూగర్భజలం జాడ తెలిపే దకార్గళాధ్యాయం మాత్రం చెట్లు, పుట్టలు, మట్టి రంగు వంటి కంటికి కనిపించే గుర్తులనే ఆధారం చేసుకుంది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఇ.ఎ.వి. ప్రసాద్ దానిని భూగర్భశాస్త్ర దృష్టితో పరిశీలించి 1980లో గ్రంథం వెలువరించారు. నేటి అయస్కాంత వాదం కంటే ఆ పాత పద్ధతే నేలకు దగ్గరగా ఉందనాలి.

పుల్ల కదలడం బూటకం కాదు. మనసులోని ఊహకు అనుగుణంగా కండరాలు తెలియకుండానే కదులుతాయని, చేతిలోని లోలకంతో చేసిన పరిశీలనల ఆధారంగా ఫ్రాన్సులో షెవ్రెల్ 1833లో వివరించగా, 1852లో ఇంగ్లండులో కార్పెంటర్ ఆ చర్యకు పేరు పెట్టాడు. 1987-88లో మ్యూనిక్ వద్ద ఒక కొట్టంలో కింది అంతస్తున నీటి గొట్టాన్ని అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తున నడిచే 43 మందిని దాని చోటు చెప్పమన్నారు; కొందరిలో ఆ నేర్పు ఉందని నిర్వాహకులు భావించినా, అవే అంకెలను తిరిగి లెక్కించిన ఎన్‌రైట్ అది యాదృచ్ఛికతను మించలేదని 1999లో చూపాడు.

విద్యుత్తు విషయానికొస్తే, సొరచేపకు ఉన్నట్టు ప్రత్యేక గ్రాహకాలు మనిషికి లేవు. ఇళ్లలో వాడే ఏకాంతర విద్యుత్తు చేతి గుండా సుమారు ఒక మిల్లీ ఆంపియరు మేర పారితేనే జిల్లుమంటుంది.

అయస్కాంత గ్రహణం కథ ఇంకా ముగియలేదు. కళ్లకు గంతలు కట్టి దూరం తీసుకెళ్లినా విద్యార్థులు ఇంటి దిక్కు చెప్పగలిగారని మాంచెస్టరులో బేకర్ 1980లో ప్రకటించాడు గానీ, అమెరికాలో ఆ ఫలితం పునరావృతం కాలేదు. మానవ మెదడు కణజాలంలో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజపు స్ఫటికాలున్నట్టు 1992లో కిర్ష్‌వింక్ బృందం కనుగొన్నది. భూమికి ఉన్నంత బలం గల క్షేత్రాన్ని చుట్టూ తిప్పినప్పుడు కొందరి మెదడులో ఆల్ఫా తరంగాలు తగ్గినట్టు అదే బృందం 2019లో నమోదు చేసింది. అయితే క్షేత్రం తిరిగిన సంగతి వారిలో ఒక్కరికీ తెలియలేదు.