యాంకర్ అడ్డుపడితే బయాస్ అయినట్టేనా? థాచర్ ఇంటర్వ్యూ చెప్పిన పాఠం

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా.

పోయిన ఎన్నికలప్పుడు నేనో చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా. ఒకే యాంకర్, ఇద్దరు నాయకుల ఇంటర్వ్యూలు. ఎవరి మాటకి ఆయన ఎన్నిసార్లు అడ్డుపడ్డాడో లెక్కపెట్టడమే దాని పని. ఒక నాయకుడికి రెట్టింపు వచ్చింది. "దొరికాడు!" అనుకున్నా. వీడియో ఎడిట్ అయిపోయింది, థంబ్‌నెయిల్ కూడా రెడీ. అప్‌లోడ్ చేసే ముందు, ఇలాంటి లెక్క ఇంతకుముందు ఎవరైనా వేశారా అని వెతికా. వేశారు. 40 ఏళ్ల కిందటే.

1979 ఏప్రిల్, బ్రిటన్. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ప్రధాని జేమ్స్ కాలహన్, ప్రతిపక్ష నాయకురాలు మార్గరెట్ థాచర్, ఇద్దరూ టీవీ ఇంటర్వ్యూలిచ్చారు. జెఫ్రీ బీటీ అనే సైకాలజిస్ట్ వాటిని కూర్చుని లెక్కపెడితే, థాచర్ మాటకి అడ్డుపడటం చాలా ఎక్కువగా కనిపించింది. మనమైతే అక్కడే తీర్పు చెప్పేస్తాం కదా? యాంకర్‌కి ఆవిడంటే పడదు, లేదా ఆడమనిషని చులకన అని.

బీటీ, ఆయన తోటి పరిశోధకులు అక్కడ ఆగలేదు. అడ్డుపడిన చోట్ల క్లిప్పులు కత్తిరించి జనానికి చూపించారు, వినిపించారు. "ఆవిడ మాట అయిపోయిందా, ఇంకా ఉందా?" అని అడిగారు. చాలా చోట్ల "అయిపోయింది" అనే అనుకున్నారు! ఆవిడ వాక్యం మధ్యలోనే గొంతు దించేసేవారు. ముగించినట్టు అనిపించేది. యాంకర్ తన వంతు వచ్చిందనుకుని మొదలుపెట్టేవాడు. 1982లో ఈ పేపర్ 'నేచర్'లో వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. 1987 ఎన్నికల్లో థాచర్‌వి నాలుగు, నీల్ కినాక్‌వి నాలుగు, మొత్తం 8 ఇంటర్వ్యూలు పీటర్ బుల్, మేయర్ అనే ఇద్దరు లెక్కేశారు. ఈసారి అడ్డుపడటంలో ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఒకట్రెండు ఇంటర్వ్యూలు చూసి రూల్ రాసేయకూడదు. అవే ఇంటర్వ్యూల్లో అడిగిన ప్రశ్నలకి థాచర్ సూటిగా జవాబిచ్చింది 37 శాతం, కినాక్ 39 శాతం. పార్టీలు వేరు, తప్పించుకోవడం సేమ్!

మరి దేన్ని కొలవాలి? బుల్ చెప్పిన దారి నాకు బాగా నచ్చింది. ప్రశ్నని చూడమన్నాడు. "ప్రచారం ఎలా సాగుతోంది?" అంటే ఏం చెప్పినా ఇబ్బంది లేదు. "మీ మంత్రి చేసింది మీకు తెలిసి జరిగిందా, తెలియకుండానా?" అంటే? తెలుసంటే వాటా ఉన్నట్టు, తెలియదంటే చేతకానట్టు. ఎటు పోయినా పరువు పోయే ప్రశ్న. 1992 ఎన్నికల్లోని 18 ఇంటర్వ్యూలు తీసుకుని, ఇలాంటి ప్రశ్నలు ఏ నాయకుడికి ఎంత శాతం పడ్డాయో బుల్, ఎలియట్ పోల్చి చూశారు. అందరికీ గట్టిగానే వేస్తే ఆ యాంకర్ టఫ్. ఒకరికి గట్టిగా, ఇంకొకరికి మెత్తగా వేస్తే అప్పుడు అనుమానించాలి. అప్పుడు కూడా అనుమానమే, తీర్పు కాదు. స్కామ్ కేసులో ఉన్న నాయకుడికి కష్టమైన ప్రశ్నలు ఎక్కువ పడటం న్యాయమే కదా.

ఇదంతా చదివాక నా డేటా మళ్లీ తెరిచా. ఈసారి స్క్రిప్ట్ కాదు, చెవులు. యాంకర్ "ఊఁ", "అవునండీ" అన్న ప్రతిసారీ నా కోడ్ దాన్ని అడ్డుపడటం కింద వేసేసింది. అవి తీసేస్తే తేడా దాదాపు పోయింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ రెట్టింపు వచ్చిన నాయకుడు నాకు ఇష్టమైనాయన. అందుకే నంబర్ రాగానే నమ్మేశా. లెక్క తిరగబడి వచ్చుంటే, కోడ్‌లో బగ్ ఉందేమోనని ఆ రాత్రే వెతికేవాణ్ణి.

ఆ వీడియో డిలీట్ చేశా. వేసుంటే, ఆ యాంకర్ అమ్ముడుపోయాడని వేలమంది నా మాట మీద నమ్మేవాళ్లు.

మీకో చిన్న పని. మీకు నచ్చని నాయకుడి ఇంటర్వ్యూ ఒకటి, నచ్చిన నాయకుడిది ఒకటి తీసుకోండి. యాంకర్ ఒకరే ఉండాలి. ఎటు చెప్పినా పరువు పోయే ప్రశ్నలు ఎవరికెన్ని పడ్డాయో కాగితం మీద రాయండి. మీరనుకున్న దానికి ఉల్టా వస్తే కామెంట్‌లో తప్పకుండా చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.