నీరొక్కటే కాదు, జొన్న కూడానా?

నల్లగొండ ఫ్లోరైడ్ అనగానే మనకు వెన్ను వంగి, కీళ్ళు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళే గుర్తుకొస్తారు. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ వర్ణించినదీ ఆ జబ్బునే. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం 1973 నాటి లాన్సెట్ వ్యాసం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అందులో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే పిల్లల గురించి రాశారు. వెన్నెముక గట్టిపడుతూంటే కాళ్ళ ఎముకలు పలచబడడమా! పాత ఫ్లోరైడ్ జబ్బుకు ఈ కొత్త రూపం ఎందుకొచ్చింది?

1967లో పూర్తయిన నాగార్జునసాగర్ వల్ల భూగర్భజలం పైకొచ్చి, నేలలో క్షారగుణం పెరిగి, జొన్నలో మాలిబ్డినం హెచ్చిందనీ, అది ఒంట్లోని రాగిని బయటకు పంపేస్తోందనీ పరిశోధకులు ఊహించారు. ఇదింకా ఊహే అనుకున్నా, జొన్నన్నమే ఆధారమైన పేదిళ్ళలో ఆ కాళ్ళు కనబడడం నాకు దాన్ని కొట్టిపారేయనివ్వదు.