బిడ్డనిచ్చిన తల్లి

ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కండి. ఎదురు సీట్లో ఒక నేతగాడు పట్టుచీరల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కింద పెట్టడు, పై అరలో పెట్టడు. బెంగళూరు షాపుకు చేర్చేదాకా దాని మీంచి చెయ్యి తియ్యడు. బొరుగులమ్మే మనిషి కేకేసుకుంటూ పోతున్నాడు. రెండు పక్కలా ఎర్రనేల, శనక్కాయ చేలు. దూరాన పెనుకొండ కనబడటం మొదలైతే చూపు ఇక పక్కకు పోదు.

1565లో తళ్లికోట దగ్గర అళియ రామరాయల తల తెగిపడ్డాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగర గద్దెను తెచ్చి దింపింది ఈ కొండ కిందే. గగన్ మహల్ ముందుకొచ్చి నిలబడండి. కింద తోరణాలు సుల్తానుల తీరు కట్టుబడి, నెత్తిన గుడి శిఖరం. మధ్యాహ్నపు ఎండలోనూ లోపలి గచ్చు అరచేతికి చల్లగా తగులుతుంది. తిరుమలరాయల కొడుకు వేంకటపతి రాయలు మొదట ఏలింది ఇక్కణ్ణించే. గోలకొండ సైన్యం కోటను ముట్టడిస్తే తిప్పికొట్టాడు. తర్వాత రాజధాని చంద్రగిరికి, అక్కణ్ణించి వేలూరుకు పోయింది. ఆ రాజింటి గుట్టు బద్దలైంది ఇక్కణ్ణించి మూటాముల్లె సర్దుకుని పోయిన తర్వాతే.

వేంకటపతి రాణి బాయమ్మకు పిల్లల్లేరు. ఆమె తల్లి ఇంట మసలే ఒక బ్రాహ్మణ స్త్రీతో ఒప్పందం చేసుకుంది. తాను నెల తప్పినట్టు నటించింది. ఆ స్త్రీ కన్న మగబిడ్డ రాణి పక్కలోకి చేరాడు. రాయలు పండగ చేయించాడు. ఆయనకు నిజం తెలుసు. రాణి మీది ప్రేమకొద్దీ నోరు మెదపలేదు. అలాగని ఆ పిల్లవాణ్ణి యువరాజుగానూ చూడలేదు, తన అనుమతి లేకుండా చంద్రగిరి నగరు దాటనివ్వలేదు. మాన్యుయల్ బరాదాస్ అనే జెస్యూట్ పాద్రీ 1616 డిసెంబరు 12న కొచ్చి నుంచి రాసిన ఉత్తరంలో ఇదంతా ఉంది. రాబర్ట్ సూయల్ 1900లో విజయనగరం మీద వేసిన పుస్తకంలో దాన్ని ఇంగ్లీషులో అచ్చొత్తించాడు.

1614 అక్టోబరు. రాయలు మంచం పట్టాడు. చుట్టూ సామంతులు. కుడిచెయ్యి చాచాడు, వేలికి రాజముద్రిక ఉంది. దాన్ని తీసుకొమ్మన్నది ఇంట పెరిగిన కుర్రాణ్ణి కాదు, అన్న కొడుకు శ్రీరంగణ్ణి. శ్రీరంగడు భోరుమన్నాడు, నాకొద్దు, మీకిష్టమైన వాళ్లకిచ్చుకోండన్నాడు. ఇన్నేళ్ల మౌనం ఆ ఒక్క వేలి దగ్గర బద్దలైంది. అందరి ఎదుటా ఆ కుర్రాడు తన బిడ్డ కాదని నోరు విప్పకుండానే చెప్పేశాడు రాయలు.

మూడు రోజులకు ఆయన పోయాడు. బాయమ్మ పుట్టింటివాడు గొబ్బూరి జగ్గరాయడు శ్రీరంగణ్ణి కుటుంబంతో సహా బంధించి ఆ కుర్రాణ్ణి గద్దెనెక్కించాడు. సామంతుల్లో వెలుగోటి యాచమనాయకుడు ఒప్పుకోలేదు. శ్రీరంగడి రెండో కొడుకు రాముడికి అప్పటికి 12 ఏళ్లు. ఒక చాకలి ఆ పిల్లవాణ్ణి మైలబట్టల మూటలో దాచి కాపలావాళ్ల ముందు నుంచే మోసుకుపోయాడు. ఆ మూటలో మీరూ ఒదిగి కూర్చోండి. చెమట కంపు, ఊపిరాడదు. దగ్గొస్తే ఇద్దరి ప్రాణాలూ పోతాయి. కాపలావాడి గొంతు చెవి పక్కనే వినబడుతుంది. మోసేవాడు అడుగు తడబడనివ్వడు. లోపల మిగిలిపోయిన ఆ కుటుంబంలో ఎవరూ బతకలేదు.

వెలుగోటివారి వంశావళి యాచముడి శౌర్యాన్ని కీర్తించింది. పాద్రీ రాజుల పేర్లు, నాయకుల పేర్లు రాశాడు. బిడ్డనిచ్చిన తల్లికి పేరు రాయలేదు, రాముణ్ణి మూటలో మోసినవాడికీ రాయలేదు. గుట్టు బరువంతా మోసింది ఆ ఇద్దరే. బండి నారాయణస్వామి నవల 'శప్తభూమి' 18వ శతాబ్దపు అనంతపురం సీమను కోట లోపలి నుంచే కాక కింద నలిగిన మనుషుల వైపు నుంచీ చూపించి, 2019లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. అదే చూపు ఈ కథ మీద పడాలని నా ఆశ. యుద్ధాలు కావాలంటే చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి.

పెనుకొండలో సాయంత్రం బండెక్కి హిందూపురం పోతూ పక్కనున్న ముసలమ్మకు ఈ కథ చెప్పి చూడండి. మార్కెట్‌కు చింతపండు వేసుకుపోతోంది ఆమె. జగ్గరాయణ్ణి తిట్టదు, రాణినీ తిట్టదు. చివరిదాకా వింటుంది.

"ఆయమ్మ ఏమైపాయప్పా?" అంటుంది. "పాలు చేపుకొచ్చింటాయి గదా. ఎవురికి చెప్పుకునింటాది?"

చివరికి కావేరి తీరాన తోపూరు దగ్గర యుద్ధంలో జగ్గరాయడు చచ్చాడు, మూటలో బయటపడ్డ రాముడు రాజయ్యాడు. ముసలమ్మకు ఇది చెప్పినా ఆమె ప్రశ్న తీరదు. నవల రాసేవాళ్లు పట్టాభిషేకంతోనో యుద్ధంతోనో మొదలుపెట్టకండి. చేతులు ఖాళీ అయిన ఆ రాత్రితో, ఆ తల్లితో మొదలుపెట్టండి, ఈ ముసలమ్మ మాట్లాడే తెలుగులోనే.