పట్టా పుచ్చుకొన్న తరువాత

కళాశాలలో ఒకే గదిలో ఉండి, ఒకే దీపం వెలుగులో చదువుకొన్న మిత్రులు పట్టాలు పుచ్చుకొన్న తరువాత ఏమవుతారు? మొదటి సంవత్సరం ఉత్తరాలు వ్రాసుకొంటారు. రెండవ సంవత్సరం పెళ్ళి శుభలేఖలు పంపుకొంటారు. ఆ పైన ఏ రైల్వే స్టేషనులోనో తారసపడినప్పుడు ‘గుర్తుపట్టావా?’ అని అడగడమే మిగులుతుంది. ఇది మనలో చాలమందికి అనుభవమే. కాని, పట్టా చేతికి వచ్చిన నాటి నుండియే ఒకరి అవసరం ఒకరికి మరింతగా కలిగి, నూరేళ్ళకు పైగా విడిపోకుండా నిలిచిన విద్యార్థి సంఘం ఒకటి అమెరికాలో ఉన్నది. దాని కథను, దానికి చరిత్ర వ్రాసిపెట్టిన ఒక పెద్దమనిషి కథను నేడు మనవి చేస్తాను.

అమెరికా కళాశాలలలో విద్యార్థులు సోదర సంఘాలుగా ఏర్పడడం పాత ఆచారం. 1776 డిసెంబరులో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పా వీనిలో మొదటిది. తరువాత వచ్చినవి కూడ ఆ సంఘం వలెనే గ్రీకు అక్షరాలను పేర్లుగా పెట్టుకొన్నవి. వీనికి రహస్య నియమాలుంటాయి, చిహ్నాలుంటాయి. చాల సంఘాలకు సొంత ఇళ్ళు కూడ ఉంటాయి. ఒకమారు చేరినవాడు యావజ్జీవం సోదరుడే. సోదరుడన్న మాట ఎంత విశాలంగా ధ్వనించినా, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఈ ఇళ్ళ తలుపులు నల్లజాతి విద్యార్థికి దాదాపు అన్ని చోట్ల మూసియే ఉండేవి. అతడు లోపల అడుగు పెట్టినాడంటే బల్లల వద్ద వడ్డనకో, మరేదైనా పనికో పెట్టినాడన్న మాట.

న్యూయార్కు రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1904-05లో చదివిన కొద్దిపాటి నల్లజాతి విద్యార్థులలో ఆరుగురు మరుసటి ఏడు తిరిగి రాలేదు. మిగిలినవారు దీనిని గమనించినారు. వారిలో కొందరు తెల్లవారి సోదర సంఘాల ఇళ్ళలో పనిచేసి పొట్ట పోసుకొంటున్నవారే. ఆ ఇళ్ళలో పెద్ద విద్యార్థులు చిన్నవారికి ఏ విధంగా చదువు చెప్పుకొంటున్నదీ, ఒకరికొకరు ఏ విధంగా ఆసరా అవుతున్నదీ వారు కళ్ళారా చూచినారు. ముందుగా చదువు కొరకు ఒక చిన్న కూటమి పెట్టుకొన్నారు. సోదర సంఘమే కావాలని కొందరు, వలదని కొందరు వాదించుకొన్నారు. తుదకు 1906 డిసెంబరు 4న ఏడుగురు నిలబడి ఆల్ఫా ఫై ఆల్ఫా సంఘాన్ని స్థాపించినారు.

ఆ ఏడుగురి తరువాతి జీవితాలు చూడదగినవి. వర్ట్‌నర్ టాండీ న్యూయార్కు రాష్ట్రంలో గుర్తింపు పొందిన మొదటి నల్లజాతి వాస్తుశిల్పి. జార్జి కెల్లీ అదే రాష్ట్రంలో నమోదైన మొదటి నల్లజాతి ఇంజనీరు. యూజీన్ కింకిల్ జోన్స్ నేషనల్ అర్బన్ లీగుకు పెక్కేళ్ళు సారథి. హెన్రీ ఆర్థర్ కాలిస్ వైద్యుడైనాడు. ఈ ‘మొదటి’ అన్న మాట వినడానికి సొంపుగా ఉంటుంది గాని, దాని వెనుక ఒంటరితనమున్నది. ఊరికొక్క డాక్టరు, రాష్ట్రానికొక్క ఇంజనీరు అయినవానికి కష్టసుఖాలు చెప్పుకొనడానికి తోటివాడు ఎక్కడ దొరుకుతాడు? కనుకనే 1911లో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో పట్టభద్రుల కొరకే ఒక శాఖ వెలసినది. ఈ సంఘానికి అటువంటి శాఖలలో అదే మొదటిది. 1914లో ‘స్ఫింక్స్’ అనే పత్రిక కూడ బయలుదేరినది.

ఆ లూయీవిల్ నగరంలోనే 1891లో చార్లెస్ హారిస్ వెస్లీ జన్మించినాడు. ఫిస్క్, యేల్ విశ్వవిద్యాలయాలలో చదివి, 1925లో హార్వర్డులో డాక్టరు పట్టం పొందినాడు. అంతకు ముందు అక్కడ చరిత్రలో ఆ పట్టం పొందిన నల్లజాతివారు డుబాయిస్, కార్టర్ వుడ్‌సన్ ఇద్దరే. నల్లజాతి శ్రామికుల చరిత్రను గురించి వెస్లీ రచించిన గ్రంథం 1927లో వెలువడినది. ఇంతటి పండితుడు రెండేళ్ళు తిరిగేసరికి, 1929లో, తన విద్యార్థి సంఘపు చరిత్రను గ్రంథంగా వ్రాసినాడు! విద్వాంసులకు ఇది చిన్న పనిగా తోచవచ్చును. సంఘాల మినిట్సు పుస్తకాలు తిరగవేయడం ఎంత విసుగైన పనో చేసినవారికే తెలుసును. వెస్లీ మాత్రం వానిని శాసనాలవలె చదివినాడు. నల్లజాతివారి పత్రాలను దాచేవారు తక్కువ, చదివేవారు మరీ తక్కువ అయిన కాలమది. తాము చేసినది తాము వ్రాసుకొనకపోతే జరగనట్లే అవుతుంది.

ఆ గ్రంథం ఒకమారుతో ముగియలేదు. ఆయన జీవించినంత కాలం కొత్త అధ్యాయాలతో మళ్ళీ మళ్ళీ వెలువడుతూనే ఉన్నది. ఈ మధ్యలో ఆయన హోవర్డు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, ఒహాయోలో విల్బర్‌ఫోర్సుకు, తరువాత సెంట్రల్ స్టేట్ కళాశాలకు అధ్యక్షుడు. జీతమిచ్చిన పనులు అవి. సంఘం పని అభిమానంతో చేసినది.

1930ల దశకంలో పెక్కేళ్ళు ఆయనే సంఘాధ్యక్షుడు. డొనాల్డ్ మర్రీ అనే పట్టభద్రుణ్ణి మేరీలాండ్ విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల రంగును బట్టి చేర్చుకొనలేదు. సంఘం ఆ వ్యాజ్యానికి అండగా నిలిచినది. వాదించిన చార్లెస్ హూస్టన్, థర్‌గుడ్ మార్షల్ ఇద్దరూ సంఘసభ్యులే. 1935లో గెలుపు వచ్చినది. మరుసటి ఏడు పై న్యాయస్థానం దానిని స్థిరపరచినది. 1942లో ఎల్మర్ హెండర్సన్ అనే ఉద్యోగికి రైలు భోజనశాలలో చోటు దొరకలేదు. నల్లవారికని వంటగది ప్రక్కన తెర కట్టి ఉంచిన రెండు బల్లల వద్దనూ తెల్లవారే కూర్చొని ఉండిరి. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు వరకు నడిచినది. 1950లో తీర్పు హెండర్సన్‌కు అనుకూలంగా వచ్చినప్పుడు ఆయన న్యాయవాది బెల్‌ఫర్డ్ లాసన్. అప్పటి సంఘాధ్యక్షుడు కూడ ఆయనే.

అంతా ఇంత ఉజ్జ్వలమే అనుకొనరాదు. నల్లజాతి మధ్యతరగతిని గురించి 1957లో ఇంగ్లీషున వెలువడిన తన గ్రంథంలో సాంఘిక శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ ఇటువంటి సంఘాల ఆడంబరాన్ని, వృథా వ్యయాన్ని గట్టిగానే దుయ్యబట్టినాడు. విందులకు పోసిన డబ్బుతో ఎన్ని వ్యాజ్యాలు నడిచేవో అన్న ప్రశ్న న్యాయమైనదే. లోపలివాడు వ్రాసిన చరిత్రలో ఈ ప్రశ్నకు తగినంత చోటు దొరకడం కష్టం.

స్థాపకులలో కాలిస్ అందరికన్న ఎక్కువ కాలం జీవించి 1974లో మరణించినాడు. తొలినాడు ఉన్నవాడు, నడుమ కొంతకాలం అధ్యక్షత వహించినవాడు. మూడేళ్ళకు, ఎనభైయైదేళ్ళు దాటిన వెస్లీ ఆయన జీవిత చరిత్రను ప్రచురించినాడు. సన్మానమంటే మనకు శాలువ, పూలదండ గుర్తుకు వస్తవి. ఒక వృద్ధ చరిత్రకారుడు తన మిగిలిన దినాలలో కొన్నింటిని తీసి మరొకరికి ఇచ్చినాడంటే అది వేరు విధమైన సన్మానం.

బోస్టనులో చదువుతుండగా 1952లో ఈ సంఘంలో చేరినవారిలో మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు. 1959లో మన దేశమంతా తిరిగి, వెళ్ళబోయే ముందు మార్చి 9న ఆకాశవాణిలో ఆయన వీడ్కోలు పలికిన సంగతి ఆకాశవాణి శ్రోతలకు ఆసక్తి కలిగించవచ్చును. ఆయన హత్య జరిగిన పదునారేళ్ళకు, 1984లో, వాషింగ్టను ప్రక్కనున్న సిల్వర్ స్ప్రింగులోని కొందరు పాత సభ్యులు, ఆయనకు రాజధానిలో స్మారకం ఉండవలెనని సంఘం ముందు పెట్టినారు. 1996లో కాంగ్రెసు అనుమతించినది. సుమారు 12 కోట్ల డాలర్ల ఖర్చుతో 30 అడుగుల రాతి విగ్రహం లేచినది. తుపాను కారణంగా ఆగస్టులో జరగవలసిన ఆవిష్కరణ వాయిదాపడి 2011 అక్టోబరు 16న జరిగినది.

వెస్లీ 1987 ఆగస్టులోనే కన్నుమూసినాడు. స్మారకం సంగతి ప్రతిపాదనగా ఉన్న రోజులవి. ఆ అధ్యాయాన్ని మరొకరు వ్రాయవలసి వచ్చినది.